వెఱ్ఱికుక్క కాటు – పంచాయతీ చేయదగిన పని

వెఱ్ఱికుక్క కరచినచో బొడ్డు చుట్టును పదునాలుగు సూదులు తప్పవను భయము మన పల్లెలలో నేటికిని పోలేదు. గొఱ్ఱె మెదడు నుండి తీయు ఆ పాత మందును మన దేశమున 2005 నాటికే మానివేసిరి. ఇప్పటి టీకాను ప్రయోగశాలలో కణములయందు పెంచిన క్రిమి నుండి చేయుచున్నారు. దానిని చేతి చర్మములోనికి నాలుగు దఫాలుగా, మొదటి దినమున, పిమ్మట 3, 7, 28వ దినములందు ఇచ్చెదరు. నెత్తురు వచ్చిన గాయమైనచో ఇమ్యూనోగ్లోబ్యులిన్ అను రక్షక ద్రవ్యమును గాయములోనే ఎక్కింతురు. అయితే నీటిని చూచి జడియుట మొదలైన పిదప రోగిని బ్రదికించు చికిత్స లేనట్లే.

కావున మనుష్యునికంటె ముందు కుక్కకు టీకా వేయింపవలెను. మనుష్యులకు ఈ జబ్బు దాదాపు ఎల్లప్పుడును కుక్కల వలననే సంక్రమించుచున్నది. ఊరిలోని నూరు కుక్కలలో డెబ్బదింటికి ఒకే మారు టీకా పడినచో, జబ్బుపడిన కుక్క కరచిన వానిలో పెక్కింటికి రోగమంటదు, గొలుసు తెగిపోవును. ఏడాదిలో కొన్ని చచ్చి, క్రొత్త కూనలు పుట్టుటచే ఆ లెక్క తగ్గును. అందుచే ఏటేట వేయింపక తప్పదు. గోవాలో ప్రభుత్వమును, మిషన్ రేబీస్ అను సంస్థయు కలసి ఇల్లిల్లును, వీధివీధియు తిరిగి ఇట్లే చేసిన పిమ్మట, 2021లో ఆ రాష్ట్రమును రేబీస్ నియంత్రిత ప్రాంతముగా ప్రకటించిరి.

కొందఱు సభ్యులకు కుక్కలను చంపించుటయే సుళువని తోచును. అది చట్టవిరుద్ధము, పైగా వ్యర్థము. టీకా పడిన కుక్క చచ్చిన చోటికి పొరుగూరి నుండి టీకా లేని కుక్క వచ్చి చేరును. వీధికుక్కలకు టీకాలు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేయించు బాధ్యతను 2023 నాటి కేంద్ర నిబంధనలు స్థానిక సంస్థలపైననే ఉంచినవి.

జూలై 6వ తేదీన పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుదురు. పాశ్చర్ 1885లో తొలి టీకా వేసిన దినమది. ముందుగానే పశువైద్యునితో మాటాడి, దండోరా వేయించి, ఆ వారమే వీధికుక్కలకును ఏర్పాటు చేయవచ్చును. కూనలను వదలరాదు, పిల్లలు ఎత్తుకొని ఆడుకొనునవి అవియే. టీకా పడిన ప్రతి కుక్కకు రంగు గుర్తు పెట్టించి, మఱునాటి వేకువను ఇద్దఱు సభ్యులు వీధులు తిరిగి గుర్తున్నవెన్ని, లేనివెన్ని అని లెక్కింపవలెను. డెబ్బదికి తగ్గినచో ఆ వీధికి మరల పోవలెను.

ఎవరినైన కుక్క కరచినచో కారము, సున్నము, పసరు పూయనీయక, సబ్బుతో ధారనీటి క్రింద పదునైదు నిమిషములు కడిగించి, నాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలయును.