కఫ పరీక్ష: సీసాను ప్రయోగశాలకు చేర్చు విధానము

సుశ్రుతుడు నిదాన స్థానములో ఒకరి నుండి ఒకరికి అంటుకొను వ్యాధులను చెప్పుచు, కుష్ఠ జ్వరములతో పాటు శోషను కూడ పేర్కొనెను. శోష యనగా క్షయ. దానికి కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించెను. ఇంత తెలిసియు కఫమును పరీక్షకు పంపునప్పుడు మనము అశ్రద్ధ చూపుచున్నాము.

మూడు వారములుగా దగ్గుచున్న ఒక వృద్ధుని నేను కఫ పరీక్షకు పంపితిని. ఎట్లు పంపవలెనో చెప్పలేదు. ఆ తప్పు నాదే. ఆయన మనుమడు పాత టానిక్కు సీసాకు కాగితము చుట్టి, సంచిలో పెట్టుకొని బస్సెక్కెను. మూత వదులై కఫము కారిపోయినది. మరల పరీక్ష జరుగునప్పటికి వారము గడచినది. అన్నాళ్లును ఇంటిలోనివారికి ముప్పు తప్పలేదు.

పాఠకులు ఈ పద్ధతిని గుర్తుంచుకొనవలెను.

ఆరోగ్య కేంద్రమువారు ఇచ్చు వెడల్పు మూతి డబ్బానే వాడవలెను. ఉదయము లేవగానే మంచినీటితో నోరు పుక్కిలించి, ఎదుట ఎవరును లేని ఆరుబయట నిలిచి, రెండు మూడు మార్లు గాఢముగా శ్వాసించి, ఛాతీ లోతు నుండి దగ్గి కఫము తీయవలెను. ఉమ్మి పనికిరాదు. 2 నుండి 5 మిల్లీలీటర్లు చాలును. పేరు మూతపై గాక డబ్బాపై వ్రాయవలెను, మూతలు మారిపోవచ్చును. పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

పంపుటకు మూడు పొరలు కావలెను. మొదటిది బిగించిన డబ్బా. దాని చుట్టు, కారినదంతయు పీల్చుకొనునంత దూది. రెండవది నీరు కారని మరియొక పాత్ర. మూడవది గట్టి పెట్టె. వివరముల కాగితమును రెండవ పొర వెలుపల ఉంచవలెను. లోపల ఉంచినచో తడిసి చెడును. ఆలస్యమగునెడల ఎండ తగులనీయక 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను. విమానములో పంపు ఇట్టి నమూనాల పెట్టెపై 3373 అను సంఖ్య ఉండును. పొడి మంచు వాడినచో వాయువు వెలువడుటకు దారి విడువవలెను. లేనిచో పెట్టె పగులును.

తులసి, అల్లము కషాయము గొంతునకు హాయినిచ్చును, క్షయను పోగొట్టజాలదు. రెండు వారములు మించిన దగ్గునకు కషాయముతో కాలము గడపక, ముందు కఫ పరీక్ష చేయించుకొనుడు.