ఫ్యాక్స్ మెషిన్ తీసేసే ముందు

ప్రశ్న: న్యూజెర్సీలో మాకు చిన్న క్లినిక్ ఉంది. ఆన్‌లైన్ ఫ్యాక్స్‌కి మారాలనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి?

జవాబు: తప్పకుండా మారండి. రోగి రిపోర్టు ట్రేలో అందరికీ కనపడేలా పడి ఉండటం నాకెప్పుడూ మింగుడుపడదు. కంపెనీని ముందు అడగాల్సింది ధర కాదు, బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్. రోగుల వివరాలు మీ తరఫున భద్రపరిచే సంస్థతో ఈ ఒప్పందం ఉండాలని రోగుల సమాచార గోప్యతకు సంబంధించిన హిపా చట్టం నిబంధనలు చెబుతున్నాయి. దాని మీద సంతకం పెట్టబోమని కంపెనీ అంటే, ఎంత చవకైనా వద్దనండి.

ఇక అసలు చిక్కు నంబరుతోనే. ఫార్మసీలు, ల్యాబులు, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ఏళ్లుగా ఉన్నది అదే కాబట్టి దాన్నే కొత్త కంపెనీకి పోర్ట్ చేయించండి. ఫోను బిల్లులో ఉన్న పేరు, అడ్రసు దరఖాస్తులో అచ్చంగా అలాగే రాయాలి, లేకపోతే తిప్పి పంపుతారు. పోర్టింగ్ పూర్తయి, బయటి నుంచి పంపిన పేజీ అందేదాకా పాత లైను కట్ చేయించకండి. ముందే రద్దుచేస్తే నంబరు చేజారిపోవచ్చు.

సిబ్బందికి ఎవరి లాగిన్ వాళ్లకివ్వండి. ఏ కాగితం ఎవరు తెరిచారో అప్పుడే తెలుస్తుంది. ఫ్యాక్సులు మామూలు ఈమెయిల్‌కి అటాచ్‌మెంటుగా వచ్చే సెట్టింగు ఆపేయండి.

పాత మెషిన్ మెమరీ చెరిపించాకే బయటికి పంపండి. ఫిల్ము రోల్ రకమైతే వచ్చిన పేజీల అక్షరాలు ఆ రోల్ మీదే చదవొచ్చు. దాన్ని ముక్కలు చేయించండి.