తాగుడు మాన్పించే మందులు

ఉపకార వేతన దరఖాస్తులు చూసేటప్పుడు, తండ్రి తాగుడు వల్ల చదువు ఆగేలా ఉందని రాసినవి నాకు కనబడుతుంటాయి. ఆ ఇళ్ళ పిల్లల కోసం ఈ పాఠం. నేను కామర్స్ చదివినవాణ్ణి. మందు, మోతాదు డాక్టరే నిర్ణయించాలి.

1. డైసల్ఫిరామ్: మద్యంపై దీని ప్రభావాన్ని 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మద్యం కాలేయంలో ముందు అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి, తర్వాత హానిలేనిదవుతుంది. ఈ మాత్ర ఆ రెండో మార్పును అడ్డుకుంటుంది. మాత్ర వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ వస్తాయి. ప్రాణానికే ముప్పు రావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల వరకూ ఈ ప్రమాదం ఉండవచ్చు.

2. నాల్ట్రెక్సోన్: తాగితే కలిగే హాయిని, తాగాలనే కోరికను తగ్గిస్తుంది. కాలేయ పరీక్ష అవసరం.

3. అకాంప్రొసేట్: మానినవారు మళ్ళీ తాగకుండా నిలబడడానికి తోడ్పడుతుంది. మూత్రపిండాల పరీక్ష అవసరం.

చివరి రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ముఖ్య హెచ్చరిక: కొందరు తల్లులు డైసల్ఫిరామ్‌ను సాంబారులో రహస్యంగా కలుపుతారు. తెలియక ఆయన తాగితే ప్రాణం పోవచ్చు. ఎన్నడూ చేయవద్దు. అలాగే, రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

మందొక్కటే చాలదు. శాంతి రంగనాథన్ గారు 1980లో చెన్నైలో స్థాపించిన సంస్థ మొదటినుంచీ కుటుంబానికి కూడా కౌన్సెలింగ్ ఇస్తోంది. మనవారు ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో అడగవచ్చు. 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పిల్లలారా, ఇది జబ్బు. మీ తప్పు కాదు. దరఖాస్తులో దాచకుండా రాయండి.