కరకట్టల బలాబలాల పరిశీలన

కృష్ణా పశ్చిమ డెల్టాలో పుట్టి పెరిగిన వారికి కరకట్టను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. తెనాలి, రేపల్లె, నగరం, బాపట్ల ప్రాంతాల పచ్చదనానికి 1855లో పూర్తయిన విజయవాడ ఆనకట్ట, దాని స్థానంలో 1957 నాటికి వెలసిన ప్రకాశం బరాజు మూలకారణాలు. అయితే అదే నది పొంగినప్పుడు మన ఇండ్లను, పొలాలను కాపాడవలసినది ఒక మట్టి కట్ట. దాని బలాబలాలను నిర్ణయించే పని ఒక సలహాదారు ఇంజనీరుకు అప్పగిస్తే, ఆయన ఎక్కడ ప్రారంభించవలెను?

ముందుగా కొన్ని అంకెలు గమనింతము. కృష్ణలో విజయవాడ వద్ద 1903లో సుమారు 10.60 లక్షల క్యూసెక్కులు, 2009 అక్టోబరులో సుమారు 11.10 లక్షలు, 2024 సెప్టెంబరులో సుమారు 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైనది. 2009లో బరాజు నిలిచినది. కాని దిగువన భట్టిప్రోలు మండలం ఓలేరు వద్ద కరకట్టకు గండి పడి రేపల్లె ప్రాంతం నీటిపాలైనది. మైళ్ల కొలది దృఢంగా ఉన్న కట్ట కూడా ఒక్కచోట తెగితే లేనట్లే. కనుక ఇక్కడ సగటు బలం అక్కరకు రాదు. అత్యంత బలహీనమైన స్థలాన్ని కనుగొనుటయే పరిశీలకుని ప్రథమ కర్తవ్యం.

ఇందులో మొదటి మెట్టు హద్దులు నిర్ణయించుకొనుట. ఏ కట్ట, ఎంత పొడవు, ఎంత వరదకు, ఎవరి నిర్వహణలో ఉన్నది అన్న విషయాలు వ్రాతపూర్వకంగా తేల్చుకొనవలెను. 2024లో కృష్ణ ఉప్పొంగుచున్న సమయంలోనే విజయవాడలోని అనేక పేటలను ముంచినది బుడమేరు గండ్లు. పెద్ద నదిపైననే దృష్టి నిలిపి చిన్న ఏరును విడిచిపెట్టరాదని ఇది చాటుచున్నది. మన ప్రాంతంలో తూములు, లాకులు, మురుగు కాలువలు సైతం రక్షణ వ్యవస్థలో భాగాలే. తూము తలుపు సరిగా మూయకుంటే నది ఊరిలోనికి వచ్చును. మురుగు కాలువ పూడిపోతే వాననీరు ఊరిలోనే నిలుచును.

రెండవ మెట్టు పాత దస్తరాలు. కట్ట పైమట్టం, గరిష్ఠ వరద మట్టం, పూర్వపు గండ్లు, వాటిని పూడ్చిన తీరు చూడవలెను. 3,000 ఘనపు మీటర్లకు మించిన వరద ప్రవాహం గల నదులకు, వరద మట్టంపై కనీసం 1.8 మీటర్ల అదనపు ఎత్తు ఉండవలెనని భారతీయ ప్రమాణం చెప్పుచున్నది. 2024 నాటి కృష్ణ ప్రవాహం సెకనుకు 32,000 ఘనపు మీటర్లకు పైమాటే. అయితే ఎత్తు ఒక్కటే చాలదు. 2005లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో కొన్ని వరద గోడలు నీరు పైకి పొర్లకముందే కూలిపోయినవి. వాటి కింది నేల బలహీనమైనది.

మూడవ మెట్టు కాలినడక. కట్ట పొడవునా, నదివైపు వాలును, ఊరివైపు వాలును కూడ చూచుచు నడువవలెను. ఎలుకల బొరియలు, చెట్ల వేళ్లు, పగుళ్లు, బండ్ల రాకపోకలతో అరిగిన చోట్లు, మట్టి తవ్వుకొనిపోయిన గుంటలు, తూము గోడ మట్టిని కలిసే అతుకులు గుర్తించవలెను. కట్ట వెలుపల నేలలో ఊట ఉబికితే, ఆ నీరు తేటగా ఉన్నదా, మట్టితో వచ్చుచున్నదా అన్నది ముఖ్యం. మట్టితో వచ్చే ఊట కట్టను లోలోపల తినివేయును.

నాల్గవ మెట్టు గ్రామస్థుల జ్ఞాపకం. ఏ వరదకు ఎక్కడ నీరు చెమర్చినదో, రాత్రివేళ ఎక్కడ ఇసుక బస్తాలు వేసినారో లంక రైతులకు, కాపలా కాచినవారికి తెలుసును. ఆ సమాచారం ఏ పటంలోను దొరకకపోవచ్చును.

ఈ నాలుగు పూర్తయిన పిదపనే యంత్రాలతో మట్టి పరీక్షలు చేయవలెను. అప్పుడే ఎక్కడ తవ్వి చూడవలెనో తెలియును. చివరకు ప్రతి భాగానికి రెండు ప్రశ్నలు వేయవలెను: ఇది తెగే అవకాశమెంత? తెగితే ఎందరి ఇండ్లు మునుగును? ఈ రెండు సమాధానాలు కలిసి మరమ్మతుల వరుసను నిర్ణయించును.

మరమ్మతు అనే మాట ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి మన సొంతమైనది. గండి పడిన తరువాత చేసేది పూడిక మాత్రమే. వేసవిలో, నది శాంతంగా ఉన్నప్పుడు చేసేదే నిజమైన మరమ్మతు. పరిశీలన అంతా దానికొరకే.