గడప తొక్కని తల్లి



బుజ్జమ్మా, నీకు ఉట్నూరులో డాక్టరుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పగానే నా కళ్లు చెమర్చాయి. నేను నర్సుగా మొదట అడుగుపెట్టింది ఆ ఏజెన్సీలోనే. అక్కడ నేను చేసిన తప్పొకటి నీకు చెప్పాలి తల్లీ.

ఒక రాత్రి నొప్పులతో ఒక గోండు అమ్మాయి వచ్చింది. కాన్పు బల్ల ఎక్కించాను. దిగిపోయి, మంచం కోడు పట్టుకుని నేల మీద గొంతుక్కూర్చుంది. కసిరి మళ్లీ ఎక్కించాను. ఆమె ఏదో చెబుతూనే ఉంది. నాకు గోండి రాదు. ఆయాను పిలిచి అడిగించాలని తోచలేదు. కేసు షీటులో ‘సహకరించడం లేదు’ అని రాసేశాను. బిడ్డ క్షేమంగానే పుట్టాడు. కానీ రెండో కాన్పుకు ఆమె మా ఆసుపత్రి గడప తొక్కలేదు.

వాళ్లమ్మా అత్తా కూర్చునే కన్నారని ఆయా తర్వాత చెప్పింది. కాన్పు వేళ తల్లి కోరుకున్న భంగిమలోనే, కూర్చునైనా సరే, ఉండనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఆ పిల్ల నాకు ఆ రాత్రే చెప్పింది.

1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మరే గార్సియా అనే ఇద్దరు అమెరికా డాక్టరమ్మలు ఇలా ఎదుటి మనిషి నుంచి నేర్చుకునే గుణానికి సాంస్కృతిక వినమ్రత అని పేరు పెట్టారు. ఒక జాతి ఆచారాలు చదివి పరీక్ష పాసైతే చాలదన్నారు. బతికినన్నాళ్లూ మనల్ని మనం తరచి చూసుకోవాలి, మన చేతిలోని అధికారం ఎదుటి మనిషి నోరు నొక్కకుండా చూసుకోవాలి, ఊరివాళ్లను పనిలో కలుపుకోవాలి.

ఈ వినమ్రత డాక్టర్లకే కాదు, అందరికీ కావాలి. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగాక, గోండుల కష్టాలు తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయిలో వాళ్ల మధ్యే ఉండి గోండి నేర్చుకున్నాడు. గోండు యువకులకు అక్కడే పంతుళ్లుగా శిక్షణ దొరికింది, ఎందరి భూములకో పట్టాలొచ్చాయి. కేస్లాపూర్ నాగోబా జాతర దర్బారుకు అధికారులు ఇప్పటికీ తామే వెళ్లి గిరిజనుల మాట వింటారు. పంతులైనా, ఇంజినీరైనా, సర్వేయరైనా అలా వెళ్లి కూర్చోవడం నేర్చుకోవాలి.

నువ్వేం చేయాలంటే, రోగి నేల మీద కూర్చుంటే నువ్వూ కూర్చో. ‘ఈ జబ్బు ఎందుకొచ్చిందనుకుంటున్నావమ్మా? ఇంట్లో ఏం చేశారు? నీకేది భయంగా ఉంది?’ అని అడిగించు. గోండులది గోండి, కొలాంలది కొలామి. అందరినీ ఒకే గాటన కట్టకు. కాన్పయ్యాక రక్తస్రావం ఆపే సూది దగ్గర మాత్రం రాజీ పడకు. ఎందుకిస్తున్నావో అర్థమయ్యేలా చెప్పి ఇవ్వు.

ఎప్పుడైనా నీ కలం ‘సహకరించడం లేదు’ అని రాయబోతే ఆపు తల్లీ. ముందు ఆయాను పిలువు.

నీ పెద్దమ్మ