గగన వారధి

2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానపు కొబ్బరి, జీడితోటలతో పాటు విద్యుత్ స్తంభాలూ నేలకొరిగాయి; ఫోన్లు మూగవోయాయి. అట్టి వేళ రేడియోయే దిక్కు. అయితే వి.హెచ్.ఎఫ్. తరంగాలు దాదాపు సరళరేఖలో పయనిస్తాయి. భూగోళపు వంపే వాటికి అడ్డుగోడ. 25 మీటర్ల స్తంభం నుండి వెలువడిన మాట నేలమీద 20 కిలోమీటర్లు దాటడం కష్టం. అదే టెక్కలిపై 3,000 మీటర్ల ఎత్తున ఎగిరే విమానం ఆ మాటను అందుకొని తిరిగి ప్రసారం చేస్తే 200 కిలోమీటర్ల దూరానికీ వినబడుతుంది. విశాఖపట్నం ఆ పరిధిలోనిదే. పెనుగాలిలో విమానం ఎగరలేదన్నది నిజమే. కాని ఊళ్లు సహాయానికి ఎదురుచూసేది గాలి తగ్గిన తరువాతనే కదా! 2005 మే 5న శ్రీహరికోట నుండి ఎగసిన హామ్‌శాట్ ఉపగ్రహమూ ఔత్సాహిక రేడియోవారికి ఇట్టి వారధే అయింది. అయితే అది కొద్ది నిమిషాలు అందుబాటులో ఉండి దాటిపోయేది. విమానం ఆపన్నుల తలపై గంటల తరబడి తిరుగాడగలదు.