దవడ యెముకలో మరచీలకు చోటు

మన పై తరగతుల బాలబాలికలలో పలువురి పండ్లకు క్లిప్పులుండుట అందఱెఱిగినదే. అయితే "దవడ యెముకకే మేకు కొట్టెదరట, నిజమా?" యని ఆబిడ్సు, నాంపల్లి వైపు తల్లిదండ్రులు కొందఱు మమ్మడుగుచున్నారు. వారి భయము సహజమే. కొట్టునది మేకు కాదు, త్రిప్పి బిగించు చిన్న మరచీల. దీనినే మినీ ఇంప్లాంట్ అందురు. టైటానియము మిశ్రలోహముతో చేసిన యీ చీల లావు 1.2 మొదలు 2 మిల్లీమీటర్లు. పొడవు 6 మొదలు 12 మిల్లీమీటర్లు. పని తీఱిన పిదప దీనిని తీసివేయుదురు.

దీని యక్కఱ న్యూటను మూడవ సూత్రము చదివినవారికి సులభముగా బోధపడును. ఎత్తుగా నున్న ముందుపండ్లను దవడపండ్లకు కట్టి వెనుకకు లాగినచో, దవడపండ్లును ముందుకు జరుగును. యెముకలోని చీలకు స్ప్రింగు తగిలించినచో ఆ యెదురులాగుడును చీలయే భరించును. 1983లో అమెరికా వైద్యులు క్రీక్‌మోర్, ఎక్లండ్ అనువారు ముక్కు క్రింది యెముకలో ఒక లోహపు చీలను బిగించి పై ముందుపండ్లను పైకి జరిపిరి. 1997లో జపాను వైద్యుడు కనోమి 1.2 మిల్లీమీటర్ల చీలను గూర్చి వ్రాసెను.

ఇక చిక్కంతయు చోటు విషయముననే. నాంపల్లి నుమాయిషు మైదానమున డేరా మేకు పాతువాడు భూమిలో నీటిగొట్టమెచట నున్నదో ముందుగా తెలిసికొనవలెను గదా! దవడలోను పండ్ల వేళ్లు, నరము, గాలిగది దాగియున్నవి. చీలకు ఇరుప్రక్కల ఒక్కొక్క మిల్లీమీటరు యెముక మిగులవలెనందురు. కావున 1.5 మిల్లీమీటర్ల చీలకు రెండు వేళ్ల నడుమ 3.5 మిల్లీమీటర్లు కావలెను. చీటికొలబద్దపై ఆ కొలతను చూచినచో అదెంత స్వల్పమో విద్యార్థులకు తెలియును.

వేళ్లు కొనకు పోనుపోను సన్నమగును గనుక లోతున చోటు హెచ్చును. అట్లని మిక్కిలి దూరము పోరాదు. అచట చిగురు వదులై కదలుచుండుటచే చీల చుట్టును వాచును. పై దవడలో నైతే గాలిగది యడ్డువచ్చును. 2006లో ఇటలీ పరిశోధకులు పోజియో మొదలగువారు దవడల చిత్రములను కొలిచి చూచిరి. పై దవడలో అంగిటివైపున, మొదటి పెద్ద దవడపంటికిని దాని ముందుపంటికిని నడుమ మంచి చోటు కనబడెను. క్రింది దవడలో రెండు పెద్ద దవడపండ్ల నడుమ యెముక పుష్కలము. పై దవడ చిట్టచివరిభాగము అన్నిటికంటె కొఱగానిది. క్రింది దవడలో చిన్న దవడపండ్ల వేళ్ల దాపున నరము వెలుపలికి వచ్చు రంధ్రమున్నది. అచట జాగ్రత్త వలయును. అంగిటి నడిమి కీలు పిల్లలలో పూర్తిగా కలిసియుండదు గనుక దాని ప్రక్కకు జరిగి బిగింతురు.

ఇవి సగటులు మాత్రమే. మీ పిల్లవాని దవడ వాని స్వంతము! అందుచే ఎక్స్‌రే తీయవలెను. కిరణము వంకరగా పడినచో ఎడముగానున్న వేళ్లును ఆనుకొన్నట్లే కనబడును. సందేహమున్నచో కోన్ బీమ్ సీ.టీ. లోతును సైతము చూపును. అయితే దాని కిరణములు హెచ్చు గనుక ప్రతి బిడ్డకు నది యనవసరమని మా యభిప్రాయము. మత్తుమందును కొద్దిగానే యిచ్చుట కూడ యుక్తితో కూడినది: చీల వేరును తాకినచో పిల్లవాడే "నొప్పి" యనును, వైద్యుడు వెంటనే చీలను వెనుకకు త్రిప్పును. వేరుపై పడిన చిన్న గీఱుడు చీల తీసిన పిమ్మట సాధారణముగా మానును.

చోటు సరిగా నున్నను నూటికి సుమారు 13 చీలలు వదులగునని 2012లో వెలువడిన యొక సమీక్ష చెప్పుచున్నది. అపుడు దానిని తీసి వేఱొకచోట బిగింతురు. చీల తలచుట్టును మెత్తని బ్రష్షుతో శుభ్రము చేయవలెను, పెన్సిలుతో కదపరాదు.

ఆబిడ్సునుండి మూసీ వైపు పోయినచో అఫ్జల్‌గంజ్‌లో 1959లో నెలకొల్పబడిన ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. అచటికి గాని మఱియొకచోటికి గాని పోవు తల్లిదండ్రులు, చీల బిగింపకమునుపే ఎక్స్‌రేను వెలుగునకెత్తి "ఈ రెండు వేళ్ల నడుమ ఎన్ని మిల్లీమీటర్లున్నవి?" యని వైద్యునడుగవచ్చును.